ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ రావట్లేదు: ఏదైనా కొనే ముందు ఇది చదువు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాలుగేళ్ళ డెస్క్‌టాప్, సెలవులకని ప్లగ్ పీకేసి మూడు వారాలు ఊరెళ్ళావు, వచ్చి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నో సిగ్నల్ అంటోంది, పదిసార్లు నొక్కితే ఒక్కసారి కంపెనీ లోగో వచ్చి వెంటనే బూట్ డివైస్ లేదని ఒక లైను పడింది. ఒకాయన ఎస్ఎంపీఎస్, అంటే డబ్బాలో అన్నిటికీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై, పోయిందన్నాడు, ఇంకొకాయన మదర్‌బోర్డే పోయిందన్నాడు, ఇప్పుడు ఏది కొనాలి అని అడిగావు. ప్రస్తుతానికి ఆ రెండూ కొనకు.

నువ్వు రాసినదాంట్లో అన్నిటికంటే పనికొచ్చే ముక్క ఆ "ఒక్కసారి లోగో వచ్చింది" అన్నది, దాన్నేమో చివర్లో పోనీలే అన్నట్టు పడేశావు. పూర్తిగా పోయిన బోర్డు పదిసార్లకి ఒకసారి లేచి కూర్చోదు కదా. లోగో కనపడిందంటే ఆ ఒక్కసారీ ప్రాసెసర్ లేచింది, ర్యామ్ పలికింది, గ్రాఫిక్స్ బొమ్మ వేసింది, మానిటర్ కేబుల్ దాన్ని మోసుకొచ్చింది. అంటే నీ పార్టులన్నీ ఏదో ఒక స్థితిలో బతికే ఉన్నాయి, ఎక్కడో ఏదో సరిగ్గా అంటుకోవట్లేదు. ఇక ఆ బూట్ డివైస్ మెసేజ్ ఉందే, అది వేరే కథ, దాని సంగతి తర్వాత చెప్తా. నా అనుమానం నీకు రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయని, ఒకటే అనుకుని వెతికితే ఎప్పటికీ దొరకదు.

ముందు మాటల గొడవ ఒకటి తేల్చుకుందాం. డబ్బా మొత్తాన్ని సీపీయూ అనడం మనకి అలవాటు, నేను సీపీయూ అన్నచోటల్లా లోపలున్న ప్రాసెసర్ చిప్ అనే అనుకో.

బటన్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మిగతాది నువ్వే పట్టేస్తావు. ప్లగ్ పెట్టి వెనక స్విచ్ వేసి ఉంటే చాలు, నువ్వు బటన్ ముట్టుకోకపోయినా ఎస్ఎంపీఎస్ బోర్డుకి ఒక 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది, 24 పిన్నుల పెద్ద కనెక్టర్లో ఊదారంగు వైరు అదే. బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ వైరుని గ్రౌండ్‌కి లాగుతుంది, అది ఎస్ఎంపీఎస్‌కి "లే" అని చెప్పడం. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల లైన్లు వస్తాయి, అవి నిలకడగా ఉన్నాయని నమ్మకం కుదిరాక అర సెకను లోపు బూడిదరంగు వైరు మీద పవర్ గుడ్ సిగ్నల్ వస్తుంది, అది వచ్చేదాకా ప్రాసెసర్ కదలదు. ఫ్యాన్లు మాత్రం 12 వోల్టులు రాగానే తిరిగేస్తాయి. అందుకే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి ఎస్ఎంపీఎస్ మంచిదే అనడం ఎంత తప్పో, స్క్రీన్ రావట్లేదు కాబట్టి బోర్డు పోయింది అనడం కూడా అంతే తప్పు. ఫ్యాన్ తిరగడం మనకి చెప్పేది చాలా తక్కువ. ఆ తర్వాత ప్రాసెసర్ బయాస్ చిప్‌ని, అంటే మెషీన్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్ ఉండే చిప్‌ని, చదువుతుంది, ర్యామ్‌ని పరీక్షిస్తుంది, గ్రాఫిక్స్ కార్డుని లేపుతుంది, దీన్నే పోస్ట్ అంటారు. అది అయ్యాకే లోగో, లోగో తర్వాతే డ్రైవ్ కోసం వెతుకులాట, డ్రైవ్ దొరికాకే విండోస్. ఇన్ని మెట్లున్నాయి, నీది చాలాసార్లు ర్యామ్ దగ్గరో గ్రాఫిక్స్ దగ్గరో ఆగుతోంది, ఒక్కసారి అది దాటి డ్రైవ్ దగ్గర ఆగింది.

ఏ మెట్టు దగ్గర ఆగిందో బోర్డే చెప్తుంది చాలాసార్లు. సైడ్ ప్యానెల్ తీసి ఆన్ చేసి 24 పిన్నుల కనెక్టర్ చుట్టుపక్కల చూడు, చిన్న లైట్లు నాలుగు ఉంటాయి, పక్కన సీపీయూ, డీర్యామ్ (అంటే ర్యామ్), వీజీఏ (అంటే గ్రాఫిక్స్), బూట్ అని ముద్రించి ఉంటుంది. ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోతూ పోవాలి, ఏది వెలిగి అలాగే ఉండిపోతే అక్కడ ఆగిందన్నమాట. లైట్లు లేని బోర్డు అయితే చిన్న స్పీకర్ ముక్క తగిలిస్తే బీప్‌లు వస్తాయి, కాకపోతే ఒక పొడుగు రెండు పొట్టి అంటే ఇదీ అని ఎక్కడో చదివింది నమ్మకు, బయాస్ కంపెనీని బట్టి అర్థం మారుతుంది, నీ బోర్డు మాన్యువల్లో ఉన్నదే లెక్క.

ఇప్పుడు పనిలోకి. ప్లగ్ పీకి పవర్ బటన్ ఒక అర నిమిషం నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. డబ్బా లోపల చెయ్యి పెట్టే ముందు క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకో, స్టాటిక్ పోతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు, 230 వోల్టుల లైన్ మీద దాని లోపలి పెద్ద కెపాసిటర్లో 300 పైన వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసినా కాసేపు అలాగే ఉండొచ్చు. మిగతావన్నీ ధైర్యంగా ముట్టుకోవచ్చు.

ముందు ర్యామ్. రెండు స్టిక్కులుంటే రెండూ తీసెయ్, ఒక్కటే పెట్టు, నాలుగు స్లాట్ల బోర్డు అయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, బోర్డు మీద ఏ2 అని ఉంటుంది. పెట్టేముందు ఆ బంగారు రంగు కాంటాక్టులు చూడు, మసకగా ఉంటే మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా తుడిచి పొడి అంతా దులిపెయ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే ఇంకా మంచిది. స్లాట్‌లోకి ఊదకు, నోటి తడి పోతుంది లోపలికి. పెట్టేటప్పుడు రెండు చివర్లా సమానంగా నొక్కాలి, చాలా కొత్త బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది, రెండోవైపు సరిగ్గా దిగిందో లేదో కంటికి తెలియదు, అక్కడే ఎక్కువమంది మోసపోతారు. బోర్డు విరిగిపోతుందేమో అని భయపడి సగమే నొక్కినవాళ్ళని ఎంతమందిని చూశానో. ఒక స్టిక్‌తో రాకపోతే రెండోదాంతో, ఆ స్లాట్‌లో రాకపోతే ఇంకో స్లాట్‌లో. విసుగ్గానే ఉంటుంది కానీ నో సిగ్నల్ కేసుల్లో నా చేతిలో సగానికి పైగా ఇక్కడే తేలిపోయాయి. నీది కొన్నిసార్లు వస్తూ కొన్నిసార్లు రాకపోవడం కూడా సరిగ్గా కాంటాక్ట్ జబ్బు లక్షణమే.

ఇక్కడ ఒక మాట, నీ బోర్డు నాలుగేళ్ళది కాబట్టి నీకు అంతగా వర్తించకపోవచ్చు గానీ వేరే ఎవరైనా చదివితే పనికొస్తుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త మెషీన్లు, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 బోర్డులు, మొదటిసారి ఆన్ చేసినప్పుడు గానీ బయాస్ రీసెట్ అయినప్పుడు గానీ మెమరీ ట్రైనింగ్ అని చేసుకుంటాయి, స్క్రీన్ నల్లగా కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోతుంది. జనం రెండో నిమిషానికే ఓపిక పోయి ఆఫ్ చేసేస్తారు, మళ్ళీ ఆన్ చేస్తే అది మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. బోర్డు పోయిందని వాపసు పంపించినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక పది నిమిషాలు వదిలేసి టీ తాగి రండి, అంతే.

ర్యామ్ తర్వాత మానిటర్ కేబుల్. నవ్వకు, గ్రాఫిక్స్ కార్డు ఉండగా కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకి పెట్టేవాళ్ళు చాలామందే, ఊరినుంచి వచ్చాక దుమ్ము దులిపి మళ్ళీ కనెక్షన్లు పెట్టావా లేదా నువ్వు రాయలేదు. నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ అయితే, లేదా జీ అక్షరం లేని ఏఎండీ రైజెన్ 5000 సిరీస్ అయితే బోర్డు మీద పోర్టు ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు, ఎందుకంటే ఆ చిప్పులో గ్రాఫిక్సే లేదు. ప్రాసెసర్లో గ్రాఫిక్స్ ఉంటే మాత్రం అది నీకు వరం, కార్డు తీసి పక్కనపెట్టి బోర్డు పోర్టుకి కేబుల్ పెట్టి చూడు, బొమ్మ వస్తే అనుమానం కార్డు మీదకో దాని స్లాట్ మీదకో పోతుంది. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ ఉందా డిస్‌ప్లేపోర్ట్ ఉందా అదీ చూసుకో.

ప్రాసెసర్ పవర్ కేబుల్ సంగతి నా మీద నాకే నవ్వొచ్చే కథ. మొదట్లో నేను ఒక మెషీన్ మీద రెండు రోజులు కూర్చున్నా, ర్యామ్ మార్చా, కార్డు మార్చా, ఇంకో ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చా, ఫ్యాన్లు తిరుగుతాయి బొమ్మ రాదు, ఆఖరికి చూస్తే బోర్డు పైమూల ఎడమవైపు ఉండే 8 పిన్నుల సీపీయూ పవర్ కేబుల్ నేనే పీకి పెట్టడం మర్చిపోయా. 24 పిన్నుల కనెక్టర్ ఒక్కటి ఉంటే ఫ్యాన్లూ లైట్లూ అన్నీ పనిచేస్తాయి, ప్రాసెసర్‌కి మాత్రం తిండి ఉండదు. అప్పటినుంచి ఎవరి డబ్బా విప్పినా నా చెయ్యి మొదట ఆ మూలకే పోతుంది.

ఇంకొకటి, నీ కేసు కాదు కానీ చెప్పకుండా ఉండలేను. ఆన్ అయిన నాలుగైదు సెకన్లకి టక్కున ఆఫ్ అయిపోతోందంటే, అదీ ప్రతిసారీ సరిగ్గా అంతే టైమ్‌కి, క్యాబినెట్ పవర్ బటన్ లోపలికి ఇరుక్కుపోయిందేమో చూడాలి. బటన్ 4 సెకన్లు నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆఫ్ అవ్వాలన్నది డిజైన్‌లోనే ఉంది, ఇరుక్కున్న బటన్ అదే పని చేస్తుంది. ముందు ప్యానెల్ నుంచి వచ్చే పవర్ స్విచ్ వైరు పీకేసి ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం తాకించు, అలా ఆన్ అయి ఉండిపోతే నీ ఖర్చు ఒక స్విచ్. ఇలాంటిదానికి మదర్‌బోర్డు మార్పించుకున్న ఒక పెద్దాయన తెలుసు నాకు, కొత్త బోర్డు కూడా నాలుగు సెకన్లకే ఆఫ్ అయింది పాపం.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్ అన్నాయన మాట తీసెయ్యట్లేదు, కానీ రుజువు కావాలి. మల్టీమీటర్ ఉంటే మెషీన్ ఆన్‌లో ఉండగా ఖాళీగా ఉన్న మోలెక్స్ అనే నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్లో పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య చూడు, 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, ఎరుపుకీ నలుపుకీ మధ్య 4.75 నుంచి 5.25, అంటే అటూఇటూ 5 శాతం. పేపర్‌క్లిప్పుతో ఆకుపచ్చ వైరుని నల్లదానికి కలిపి ఫ్యాన్ తిరిగింది కాబట్టి మంచిదే అని చెప్పే వీడియోలు ఉన్నాయి చూడు, అది ఎస్ఎంపీఎస్ లేస్తుందని మాత్రమే చెప్తుంది, లోడు పడినప్పుడు నిలబడుతుందని చెప్పదు. కొన్నిట్లో లోడు లేకపోతే ఫ్యాన్ అసలు తిరగదు కూడా, దాన్ని చూసి మంచిదాన్ని పారేసినవాళ్ళూ ఉన్నారు. నిజంగా తేలాలంటే పనిచేస్తున్న ఇంకో ఎస్ఎంపీఎస్ పెట్టి చూడడమే, స్నేహితుడి దగ్గర గంటసేపు అడిగి తెచ్చుకో. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ (కేబుళ్ళు ఊడదీసే రకం) అయితే కేబుళ్ళు కూడా దానివే వాడు, సాకెట్లో దూరుతున్నాయి కదా అని ఒక కంపెనీ కేబుల్ ఇంకోదానికి పెట్టకు, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, హార్డ్ డిస్కులు కాలిపోతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

సరే, ఆ బూట్ డివైస్ మెసేజ్ దగ్గరికి వద్దాం. నువ్వు మూడు వారాలు ప్లగ్ పీకావు అన్నావు చూడు, నాకు అక్కడే లైటు వెలిగింది. బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది, గడియారం నడవడానికీ చాలా బోర్డుల్లో బయాస్ సెట్టింగులు నిలబడడానికీ అదే ఆధారం. ప్లగ్ పెట్టి ఉన్నన్నాళ్ళూ నేను పైన చెప్పిన స్టాండ్‌బై కరెంటు ఆ పని చేసేస్తుంది కాబట్టి బ్యాటరీ ముసలిదైపోయినా నీకు తెలియదు. ప్లగ్ పీకిన మూడు వారాల్లో భారమంతా దాని మీదే పడింది, చేతులెత్తేసింది, సెట్టింగులు ఫ్యాక్టరీవి అయిపోయాయి. లోగో వచ్చినప్పుడు డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయాస్‌లోకి వెళ్ళి తేదీ చూడు, ఎప్పటిదో పాత తేదీ ఉంటే నా లెక్క నిజమే. మీటరు పెట్టి చూస్తే కొత్త బ్యాటరీ 3 పైన చూపిస్తుంది, 2.7 దాకా దిగితే మార్చెయ్యడమే.

సెట్టింగులు పోతే బూట్ ఎందుకు ఆగుతుంది అంటావా, విండోస్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉండి బయాస్ ఇప్పుడు లెగసీ అనే పాత పద్ధతిలో వెతుకుతుంటే డ్రైవ్ కళ్ళ ముందే ఉన్నా దానికి కనపడదు. లేదా స్టోరేజ్ మోడ్, అంటే బోర్డు డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ ఉన్నది రెయిడ్‌కో, కొత్త ఇంటెల్ బోర్డుల్లో వీఎండీకో మారిపోయి ఉంటుంది, అప్పుడు విండోస్ మొదలైనట్టే మొదలై నీలం తెరతో (విండోస్ 11 కొత్త వెర్షన్లలో నల్ల తెరతో) ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటుంది. లేదా వరస మారి, వెనక మర్చిపోయిన పెన్ డ్రైవ్ మీద విండోస్ వెతుకుతూ ఉంటుంది. కాబట్టి పెన్ డ్రైవులన్నీ పీకి, బయాస్‌లో అసలు నీ ఎస్ఎస్‌డీ పేరు కనపడుతోందా లేదా చూడు. కనపడితే అది పూర్తిగా పోలేదు, ఈ సెట్టింగులు చూసుకో, విండోస్ బూట్ మేనేజర్ అన్నది మొదటి స్థానంలో పెట్టు. ఒకసారికి మాత్రం ఎంచుకుని చూడాలంటే బూట్ మెనూ ఉంటుంది, ఆసుస్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్ఐలో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12. పేరే కనపడకపోతే డ్రైవ్‌నీ బోర్డునీ కలిపే సాటా కేబుల్ రెండువైపులా తీసి పెట్టు, నేరుగా బోర్డులోకే దూర్చే ఎం.2 రకం అయితే స్క్రూ విప్పి తీసి మళ్ళీ దూర్చు. హార్డ్ డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటోందంటే మాత్రం వెంటనే ఆపెయ్, పదేపదే ఆన్ చేసి చూడకు, ప్రతి ప్రయత్నానికీ డేటా ఇంకొంచెం దూరమవుతుంది.

ఆగు, బ్యాటరీ మార్చే ముందు, క్లియర్ సీమాస్ జంపర్ (బయాస్ సెట్టింగులు చెరిపేసే పిన్నులు) ముట్టుకునే ముందు, బిట్‌లాకర్ సంగతి చూసుకో, అది డ్రైవ్‌లో ఉన్నదంతా కీ లేకుండా చదవలేనట్టు తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11 మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా మెషీన్లలో నీకు తెలియకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయాస్ సెట్టింగులు మారితే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోన్లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ కీ ఉందో లేదో ఇప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకో. కీ లేకపోతే ఆ డేటా ఎవ్వరూ తియ్యలేరు, నేనూ తియ్యలేను.

డ్రైవ్ దొరికి విండోసే లేవకపోతే అది చిన్న సమస్య కిందే లెక్క. వరుసగా రెండు మూడుసార్లు సరిగ్గా లేవకపోతే రికవరీ తెర తనంతట తనే వస్తుంది, అక్కడ స్టార్టప్ రిపేర్, అది కాకపోతే చివరి అప్‌డేట్ తీసెయ్యడం, సేఫ్ మోడ్, ఈ వరసలో పో. నీలం తెర చూడగానే హార్డ్‌వేర్ పోయిందని గుండెలు బాదుకోకు, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌కి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెరతో పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది, సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక ఫైలు తీసేస్తే లేచాయి, ఒక్క పార్టు కూడా పాడవలేదు. రీఇన్‌స్టాల్ మాత్రం ఆఖరి మాట. దానికి ముందు ఒక పెన్ డ్రైవ్ మీద లైనక్స్ వేసి దాంతో బూట్ చేసి నీ ఫోటోలూ ఫైళ్ళూ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకో, డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే అక్కడ కూడా ఆ కీ కావాల్సిందే. ఇందులో ఇంకో లాభం, లైనక్స్ అరగంట హాయిగా నడిచిందంటే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మీద నీ అనుమానం చాలావరకు తీరిపోతుంది.

ఇవన్నీ చేసినా ర్యామ్ దగ్గరే ఆగుతోందంటే బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్, ఎస్ఎంపీఎస్, ప్రాసెసర్లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు, ఇంతే పెట్టి ఆన్ చేసి చూడాలి. బయట పనిచేసి లోపల పనిచెయ్యకపోతే బోర్డు కింద ఎక్కడో స్టాండాఫ్ (బోర్డుని ఎత్తిపట్టే చిన్న ఇత్తడి స్క్రూ) అదనంగా ఉండి షార్ట్ చేస్తున్నట్టు. కూలర్ తియ్యాల్సి వస్తే, నీది ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు అయితే, మెషీన్ కాసేపు నడిచి వేడిగా ఉన్నప్పుడు ఆఫ్ చేసి, ప్లగ్ పీకి అటూఇటూ తిప్పుతూ తియ్యి, పైకి ఒక్క గుంజు గుంజితే కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రాసే పేస్ట్ పట్టుకుని ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొచ్చి పిన్నులు వంగిపోతాయి.

నువ్వు ఈ రోజుకి ర్యామ్ ఒక్కో స్టిక్‌తో చూసి, ఆ నాలుగు లైట్లలో ఏది ఆగిపోయిందో, బయాస్‌లో తేదీ ఎంత ఉందో రాయి, బోర్డు మోడల్ పేరు కూడా, పెద్ద అక్షరాల్లో బోర్డు మీదే ఉంటుంది. కొనాల్సిందంటూ ఉంటే ఆ నాణెం బ్యాటరీ ఒక్కటి తెచ్చిపెట్టుకో, బిట్‌లాకర్ కీ దొరికేదాకా మాత్రం పాతది పీకకు.